పదకొండు పేర్లు ఎక్కడ ఖరారవుతాయి?

2025 జూన్ 10 సాయంత్రం హాంకాంగ్‌లోని కై టాక్ స్టేడియంలో ఆసియా కప్ అర్హత పోటీ మొదలవడానికి కొద్దిసేపటి ముందు భారత ఫుట్‌బాల్ జట్టు పేర్లు బయటికి వచ్చాయి. తొలి పదకొండు మందిలో జట్టుకు ఏళ్ల తరబడి గోల్స్ చేసిపెట్టిన సునీల్ ఛెత్రీ లేడు. నెల్లూరులోనో ఒంగోలులోనో కూర్చుని ఫోన్‌లో ఆ జాబితా చూసుకున్న అభిమానికి బంతి కదలకముందే సగం నీరసం వచ్చేసింది. మొదటి అర్ధభాగంలో గోల్ ముందర దొరికిన మంచి అవకాశాన్ని ఆషిక్ కురుణియన్ బయటికి తన్నాడు. రెండో అర్ధభాగంలో ఛెత్రీని దింపినా ఫలితం లేకపోయింది. ఆట ముగిసే క్షణాల్లో దక్కిన పెనాల్టీతో హాంకాంగ్ 1-0తో గెలిచింది. మూడేళ్ల కిందట, 2022 జూన్‌లో, కోల్‌కతాలో ఇదే హాంకాంగ్‌ను భారత్ 4-0తో చిత్తు చేసింది కాబట్టి ఈ ఓటమి మరింత మింగుడుపడలేదు.

ఓడిన ప్రతిసారీ అభిమాని నోట వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: ఫలానావాణ్ణి ఎందుకు ఆడించలేదు? ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే అది అడగవలసినవారందరినీ వదిలిపెట్టి, ఎదురుగా కనిపించే ఒక్క మనిషిని, అంటే గీత పక్కన నిలబడిన కోచ్‌ను మాత్రమే నిలదీస్తుంది. క్రికెట్‌లో జట్టును ఐదుగురు సెలక్టర్లు ఎంపిక చేస్తారు గనుక కోపం వారందరి మీద పంచుకుపోతుంది. ఫుట్‌బాల్‌లో ఎంపిక కోచ్ పేరుమీదే జరుగుతుంది గనుక తిట్లన్నీ అతడికే చేరతాయి. నిజానికి కోచ్ కలం పట్టుకునేసరికి ఎంపికలో పెద్ద భాగం అయిపోయి ఉంటుంది. ఎవరు ఏ స్థానంలో ఆడటం నేర్చుకున్నారు, క్లబ్‌లో వారికి ఎంతసేపు ఆట దొరికింది, శిబిరానికి క్లబ్ వారిని పంపిందా లేదా అన్న సంగతులు అంతకు ముందే తేలిపోతాయి. మిగిలిన చిన్న భాగంలో కోచ్‌లు చేసిన తప్పులు కూడా తక్కువేమీ కావు. వాటిని తరువాత చూడవచ్చు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఫుట్‌బాల్ అభిమానికి సొంత జిల్లాలోనే కాదు, సొంత రాష్ట్రంలో కూడా దేశంలోని అగ్రశ్రేణి క్లబ్ పోటీ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడే జట్టు లేదు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. మధ్యాహ్నం రైలెక్కితే రాత్రి ఆటకు అందుకోవచ్చు. అందువల్ల నెల్లూరులో చెన్నయిన్ జట్టును ఇష్టపడేవారు ఉన్నారు. ఒంగోలు వైపువారికి అద్దంకి, నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్ దారి అలవాటు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి టైటిల్ గెలిచినప్పుడు, ఈ లీగ్‌లో మన జట్టు అని చెప్పుకోవడానికి తెలుగువారికి ఒకటి దొరికింది. ఆ సంతోషం రెండేళ్లు కూడా నిలవలేదు. జీతాలు ఆగిపోయి, ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయి, 2023-24లో ఆ జట్టు పట్టికలో అట్టడుగుకు చేరింది. 2025లో ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. జట్టులో ఎవరు ఆడాలి అని వాదించుకోవడానికి ముందు జట్టంటూ ఒకటి ఉండాలి కదా. క్లబ్ నిర్వహణలో జరిగిన తప్పులకు అభిమాని చెల్లించిన మూల్యం అది.

ఆ 2022 విజయంలోనే నేటి భారత జట్టు కష్టానికి సంబంధించిన ఒక లెక్క దాగి ఉంది. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువగా 18 గోల్స్ చేసినవాడు హైదరాబాద్ స్ట్రైకర్ (ముందు వరుసలో ఉండి గోల్స్ చేసే ఆటగాడు) బార్తొలొమ్యూ ఒగ్బెచె. అతడు నైజీరియా ఆటగాడు. ఆ జట్టు కోచ్ స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్కెజ్. సరిగ్గా ఆ మార్కెజ్‌నే 2024 జూలైలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య జాతీయ జట్టు కోచ్‌గా నియమించింది. గచ్చిబౌలిలోనే మారిషస్‌తో 0-0తో ఆయన ప్రయాణం మొదలైంది. ఏడాది తిరిగేసరికి 8 మ్యాచ్‌లలో 1 గెలుపు, 4 డ్రాలు, 3 ఓటములు మిగిలాయి. ఆ ఎనిమిదింటిలో భారత్ చేసిన గోల్స్ 5. వాటిలో 3 ఒక్క మాల్దీవుల మీద వచ్చినవే. ఆ అయిదింటిలోనూ రెండు రాహుల్ భేకే అనే డిఫెండర్, అంటే వెనక వరుసలో గోల్ పడకుండా కాచే ఆటగాడు, చేసినవి. హైదరాబాద్‌లో ఒగ్బెచెను ముందు నిలబెట్టి టైటిల్ గెలిచిన కోచ్‌కు జాతీయ జట్టులో ముందు నిలబెట్టడానికి అలాంటివాడు దొరకలేదు. కోచ్ తెలివి రెండేళ్లలో తరిగిపోయిందని చెప్పడం కంటే ఈ వివరణే సబబుగా ఉంటుంది.

ఎందుకు దొరకలేదన్నదే అసలు ప్రశ్న. సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు మైదానంలోని పదకొండు మందిలో ఆరుగురు దాకా విదేశీయులు ఉండేవారు. 2017-18లో ఆ సంఖ్యను 5కు, 2021-22లో 4కు తగ్గించారు. సంఖ్య తగ్గినా, క్లబ్‌లు ఆ విదేశీ స్థానాలను ఎక్కడ ఖర్చు పెడతాయన్నది మారలేదు. గోల్ చేసేవాడికే ఎక్కువ ధర, గోల్ చేసేవాడి మీదే కోచ్ ఉద్యోగం ఆధారపడి ఉంటుంది కనుక, నడుమ స్ట్రైకర్ స్థానం విదేశీయుడికే పోతుంది. 2014 నుంచి 2024-25 వరకు జరిగిన 11 సీజన్లలో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్కసారి కూడా భారతీయుడికి దక్కలేదు. 2024-25లో మొరాకో ఆటగాడు అలాద్దీన్ అజరాయ్ 23 గోల్స్‌తో దాన్ని అందుకున్నాడు. స్ట్రైకర్‌గా ఎదిగిన భారతీయ కుర్రవాణ్ణి క్లబ్‌లో అంచుకు జరిపి వింగర్‌గా ఆడిస్తారు. మన్వీర్ సింగ్ మోహన్ బగాన్‌లో ఎక్కువగా కుడి అంచున ఆడేది అందుకే. ఏడాదిలో పది నెలలు అంచున పరుగెత్తినవాణ్ణి జాతీయ జట్టుకు పిలిచి, నడుమ నిలబెట్టి, గోల్‌కు వీపు పెట్టి బంతిని ఆపమంటే అతడు తడబడతాడు. అభిమాని కంటికి అది అతడి చేతకానితనంగా కనిపిస్తుంది.

ఎడ్లతో సేద్యం చేసిన ఇంట్లో పుట్టినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. దాపట (ఎడమవైపు) నడిచిన ఎద్దును తెచ్చి ఎలపట (కుడివైపు) కడితే, అది ఎంత బలమైనదైనా కాడి సరిగా లాగదు. ఎద్దును కొట్టి ప్రయోజనం లేదు.

దీనికి మినహాయింపు ఒకటి చెన్నైలోనే కనిపించింది. 2017-18లో చెన్నయిన్ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టు తరఫున ఎక్కువ గోల్స్ చేసినవాడు మిజోరం నుంచి వచ్చిన జేజే లాల్‌పెఖ్లువా. క్లబ్ అతణ్ణి నడుమ నమ్మి ఆడించింది, ఆ లాభం జాతీయ జట్టుకూ అందింది. భారతీయుడు ఆ స్థానానికి పనికిరాడన్న మాట నిజం కాదనడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ నేపథ్యంలోనే ఛెత్రీ పునరాగమనాన్ని చూడాలి. 2024 జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0గా ముగిసిన మ్యాచ్‌తో, 151 మ్యాచ్‌లలో 94 గోల్స్ చేసి, అతడు జాతీయ జట్టు నుంచి విరమించుకున్నాడు. తొమ్మిది నెలల తరువాత, 40 ఏళ్ల వయసులో, 2025 మార్చిలో మళ్లీ పిలిపించారు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోల్ కూడా చేశాడు. ఆ పిలుపును చాలామంది సిగ్గుచేటన్నారు, ఇంకొందరు పండుగ చేసుకున్నారు. రెండింటికీ దూరంగా నిలబడి చూస్తే కనిపించేది ఒక్కటే: ఆ సీజన్‌లో సూపర్ లీగ్‌లో భారతీయుల్లో అందరికంటే ఎక్కువ గోల్స్ చేసినవాడు ఛెత్రీయే. కళ్లముందున్న లెక్క ప్రకారమే కోచ్ నడుచుకున్నాడు. తప్పు ఆ లెక్క అలా తయారుకావడంలో ఉంది. అయితే మార్చిలో అతడి మీద అంతగా ఆధారపడి, జూన్‌లో గెలిచి తీరవలసిన మ్యాచ్‌లో బెంచీ మీద కూర్చోబెట్టడానికి కారణమేమిటో అభిమానులకు అర్థమయ్యేట్టు ముందే చెప్పి ఉండవలసింది. అభిమాని బాధలో న్యాయమైన భాగం ఇదే.

ఇక శిబిరాల సంగతి. ఫిఫా నిర్ణయించిన తేదీల్లో జరిగే జాతీయ జట్టు పోటీలకు మాత్రమే క్లబ్‌లు ఆటగాళ్లను తప్పనిసరిగా పంపాలి. ఆ తేదీలు దాటితే పంపడం, పంపకపోవడం క్లబ్ ఇష్టం. 2023 సెప్టెంబరులో హాంగ్జౌ ఆసియా క్రీడలు ఆ తేదీల్లో పడలేదు. పైగా అదే వారంలో సూపర్ లీగ్ మొదలవుతోంది. క్లబ్‌లు వెనకాడాయి. ప్రకటించిన జాబితా మారింది, మళ్లీ మారింది. చివరికి దొరికినవారితో జట్టు కట్టుకుని మ్యాచ్ ముందురోజు చైనా చేరి, సెప్టెంబరు 19న ఆతిథ్య జట్టు చేతిలో 1-5తో ఓడిపోయారు. లీగ్ తేదీలూ ఆసియా క్రీడల తేదీలూ ఎప్పటినుంచో తెలిసినవే. వాటి మధ్య సర్దుబాటు చేయవలసినది సమాఖ్య, లీగ్ నిర్వాహకులు. ఆ పని జరగకపోతే ప్రయాణ బడలిక తీరకుండానే ఆడవలసివచ్చిన కుర్రవాళ్లు ఏం చేయగలరు? టీవీలో మాత్రం అయిదు గోల్స్ పడిన గోల్‌కీపర్ ముఖమే కనిపిస్తుంది. ఆ సర్దుబాటు చేయలేకపోయినవారు ఎవరికీ కనిపించరు.

రెండేళ్ల తరువాత ఇలాంటి ఇబ్బందే మళ్లీ వచ్చింది గాని ఫలితం వేరుగా ఉంది. మార్కెజ్ 2025 జూలైలో తప్పుకున్నాక, ఆగస్టు 1న ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా ప్రకటించారు. 2017లో ఐజ్వాల్ వంటి చిన్న జట్టును ఐ-లీగ్ అనే జాతీయ క్లబ్ పోటీలో విజేతగా నిలిపినవాడు ఆయన. ఆ నెలాఖరున మొదలైన, మధ్య ఆసియా ఫుట్‌బాల్ సంఘం (కాఫా) నిర్వహించే కాఫా నేషన్స్ కప్‌కు మోహన్ బగాన్ తన ఆటగాళ్లను శిబిరానికి పంపలేదు. ఛెత్రీని జమీల్ తీసుకోలేదు. పేరున్నవారు లేని ఆ జట్టు తజికిస్థాన్‌ను వారి గడ్డమీదే 2-1తో ఓడించింది, ఇరాన్ చేతిలో 0-3తో ఓడింది, చివరికి ఒమన్‌ను పెనాల్టీ షూటౌట్‌లో గెలిచి మూడో స్థానంలో నిలిచింది. అక్టోబరులో పేరున్నవారు తిరిగివచ్చాక సింగపూర్‌తో అక్కడ 1-1, గోవాలో 1-2. దాంతో 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా 0-1తో ఓడిపోయారు. 2023 జూలైలో ఫిఫా జాబితాలో 99వ ర్యాంకులో ఉన్న జట్టు 2025 నవంబరుకు 142కు దిగజారింది.

ఇక్కడ అభిమాని తన తీర్పును కూడా ఒకసారి తరచి చూసుకోవాలి. బెంచీ మీద ఉన్నవాడు ఎప్పుడూ మైదానంలో ఉన్నవాడికంటే మెరుగ్గానే కనిపిస్తాడు, ఎందుకంటే ఆ రోజు అతడు ఏ తప్పూ చేసి ఉండడు. ఫలానావాడు ఉండి ఉంటే గెలిచేవాళ్లమన్న మాటను రుజువు చేయడం ఎలా కుదరదో, కాదనడం కూడా అలాగే కుదరదు. కాఫా పోటీల జట్టు బాగా ఆడిందన్న ఒక్క కారణంతో పేరున్నవారందరూ దండగ అనడమూ అంతే తొందరపాటు. తజికిస్థాన్ మీద ఆ రెండు గోల్స్ కూడా అన్వర్ అలీ, సందేశ్ ఝింగన్ అనే డిఫెండర్లవే. ముందు వరుస లోటు అప్పుడూ తీరలేదు.

కోచ్‌ల తప్పుల విషయానికి వస్తే, మొదట చెప్పవలసినది కోచ్‌ది కాదు, నియామకం చేసినవారిది. మార్కెజ్ 2024-25 సీజన్ అంతా ఎఫ్‌సీ గోవాకూ, జాతీయ జట్టుకూ ఒకేసారి కోచ్‌గా పనిచేశాడు. ఆయన ఎంపికలు ఎంత నిజాయితీగా ఉన్నా, గోవా ఆటగాణ్ణి తీసుకుంటే తనవాడని తీసుకున్నాడన్న మాట, తీసుకోకపోతే క్లబ్ కోసం దాచుకున్నాడన్న మాట తప్పదు. అటువంటి అనుమానానికి చోటిచ్చే ఏర్పాటును సమాఖ్య అంగీకరించి ఉండకూడదు. అంతకు ముందు అయిదేళ్లు కోచ్‌గా ఉన్న క్రొయేషియా దేశస్థుడు ఇగోర్ స్టిమాచ్ కాలంలో, 2022 అర్హత పోటీలకు ముందు ఆటగాళ్ల పేర్లను ఒక జ్యోతిష్కుడికి పంపి సలహా తీసుకున్నారని 2023 సెప్టెంబరులో జాతీయ పత్రికలో కథనం వచ్చింది. జాతకాల మీద ఎవరి నమ్మకం వారిది. కాని ఏళ్ల తరబడి చెమటోడ్చిన ఆటగాడి స్థానం గ్రహాల లెక్కతో తూగుతోందన్న వార్త చదివినప్పుడు అభిమానికి కలిగిన అవమానం చిన్నది కాదు. ఆ పోటీల్లో భారత్ మూడుకు మూడూ గెలిచినంత మాత్రాన ఆ నొప్పి తగ్గదు. 2024 మార్చిలో గువాహటిలో అఫ్గానిస్థాన్ చేతిలో 1-2తో ఓడిన తరువాత, జూన్‌లో ప్రపంచ కప్ అర్హత పోటీల నుంచి భారత్ నిష్క్రమించాక, స్టిమాచ్‌ను తొలగించారు. కోచ్ మారాడు గాని, జట్టు ఎంపికకు కారణాలు చెప్పని అలవాటు మాత్రం మారలేదు.

కాఫా పోటీలకు ఛెత్రీని తీసుకోనప్పుడు జమీల్ ఒక మంచి పని చేశాడు. ఇది సన్నాహక పోటీ అని, కొత్తవారిని పరీక్షించదలచుకున్నామని, ఛెత్రీకి తలుపులు మూసుకుపోలేదని బహిరంగంగా చెప్పాడు. నచ్చినవారికి నచ్చింది, నచ్చనివారికి నచ్చలేదు. కాని ఎవరూ కుట్ర అని ఊహించుకోవలసిన అవసరం రాలేదు. రెండు ముక్కల వివరణకు ఉన్న బలం అంతటిది.

ఒంగోలు ప్రాంతంలో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు చూసేవారికి ఈ తేడా బాగా తెలుస్తుంది. గిత్తల జతలను పళ్లను బట్టి విభాగాలు చేస్తారు: రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన పెద్ద విభాగం. నిర్ణీత సమయంలో ఏ జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి, మైకులో చదువుతారు. తన ఊరి జత ఓడినా రైతు కొలతను ఒప్పుకుంటాడు, ఎందుకంటే కొలత అతడి కళ్లముందే జరిగింది. పదకొండు మంది కలిసి ఆడే ఆటకు అంత సూటి కొలత ఉండదన్నది నిజమే. అయినా కొన్ని కొలతలు ఉన్నాయి. ఒక ఆటగాడు ఆ సీజన్‌లో క్లబ్‌కు ఎన్ని నిమిషాలు ఆడాడు, అందులో ఏ స్థానంలో ఎన్ని, గాయం నుంచి కోలుకున్నాడా, శిబిరంలో ఎన్ని రోజులు ఉన్నాడు అన్నవి జట్టు జాబితాతో పాటు ప్రకటించవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ ఉండదు. అభిమానికి కావలసింది తన ఇష్టుణ్ణి ఆడించడం కాదు, ఏ లెక్కన ఆడించారో తెలియడం.

పాత రోజుల్లో ఎంపికలన్నీ న్యాయంగా జరిగాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కాని హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం పద్ధతిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో చనిపోయేవరకు భారత జట్టు కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కాలంలోనివే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాతో ఫైనల్‌కు ఆయన రెండు సాహసాలు చేశాడు. అస్వస్థత నుంచి కోలుకున్న పీటర్ తంగరాజ్‌ను ప్రద్యుత్ బర్మన్ స్థానంలో గోల్‌కీపర్‌గా దింపాడు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలో ఆడించాడు. జర్నైల్ గోల్ చేశాడు, భారత్ 2-1తో గెలిచింది. ఇవి గుడ్డి సాహసాలు కావు. ఆటగాళ్ల బలాబలాలు ఏళ్ల తరబడి దగ్గరుండి చూసినవాడి నిర్ణయాలు. హైదరాబాద్‌లో ఆయన బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను, బంతిని చుట్టూ తిప్పకుండా వెంటనే అందించవలసిన పోటీలను కుర్రవాళ్లకు నిర్వహించేవాడు. ఎంపిక రోజు వచ్చేనాటికి ఎవరికి ఏ లోటుందో ఆయనకు తెలుసు, ఆటగాడికీ తెలుసు.

ఆ చూపు ఇప్పుడు జిల్లాల్లో కావాలి. పాఠశాల క్రీడల అండర్-14, అండర్-17 ఎంపికలు వచ్చినప్పుడు పత్రికల జిల్లా పేజీలో నాలుగు వాక్యాల ప్రకటన పడుతుంది: ఫలానా మైదానంలో ఉదయం హాజరు కావాలి, వయసు ధ్రువీకరణ పత్రం, ఆధార్ వెంట తెచ్చుకోవాలి. కావలి నుంచో కనిగిరి నుంచో పిల్లలు పీఈటీ సారు వెంట తొలి బస్సుకు బయలుదేరి వస్తారు. పదుల మంది పిల్లల్ని ఒకే పూటలో చూడవలసివచ్చినప్పుడు ఒక్కొక్కరికి దక్కేది కొన్ని నిమిషాలే. అంత తక్కువ సమయంలో కంటపడేది వేగం, ఒడ్డు, పొడుగు. బంతి రాకముందే ఎక్కడ నిలబడాలో తెలిసిన పిల్లవాడు, అంటే రేపటి స్ట్రైకర్ కాగలవాడు, అందులో సులభంగా కనిపించడు. ఎంపికైనవారి పేర్లు చదివి, మిగిలినవారిని ఇంటికి పంపేస్తే ఆ పిల్లవాడు మళ్లీ రాడు. సూపర్ లీగ్ క్లబ్‌లు స్ట్రైకర్లను విదేశాల నుంచి తెచ్చుకుంటున్నాయని బాధపడేవారు, ఇక్కడ ఆ స్థానానికి తయారు కావలసిన పిల్లలు ఏ మైదానం దగ్గర ఆగిపోతున్నారో కూడా చూడాలి. ఎంపిక చేసేవారు పేర్లు చదివేటప్పుడే, పేరు రాని పిల్లవాడి చేతిలో ఒక చిన్న కాగితం పెట్టవచ్చు: నీకు ఆట తెలుసు, ఎడమకాలు వాడటం లేదు, వచ్చే ఏడాదికి అది నేర్చుకుని మళ్లీ రా.